సముద్రతీరమున శిలాజాన్వేషణము: బడియాత్రకు ముందు యోచింపవలసినవి



మీలో పలువురి పూజామందిరములలో శాలగ్రామము లుండును. నేపాలుదేశపు గండకీనదిలో దొరకు ఆ నల్లరాతియందలి చక్రమును వజ్రకీటము తొలిచినదని పెద్దలు చెప్పుదురు. భూగర్భశాస్త్రజ్ఞులు దానిని అమ్మోనైట్ అను సముద్రజీవి గుల్లముద్రగా గుర్తించిరి. నత్తగుల్లవలె చుట్టలు తిరిగిన గుల్లలో వసించిన ఆ జాతి యంతయు సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందటనే నశించినది. హిమాలయములున్న తావున ఒకప్పుడు సముద్రముండెనని మన యింటి రాయియే సాక్ష్యము చెప్పుచున్నది. ఇట్లు రాతిలో నిలిచిన ప్రాణుల గుర్తులనే శిలాజములందురు.

వీనిని పిల్లలు తమ చేతులతో నేరుకొనదగిన సముద్రతీరములు లోకమున కొన్ని కలవు. ఇంగ్లండునకు దక్షిణమున, డార్సెట్ మండలమందలి లైమ్ రీజిస్, చార్మత్ అను ఊళ్ల తీరము వానిలో మిక్కిలి ప్రసిద్ధము. 2001లో ప్రపంచవారసత్వస్థలముగా గుర్తింపబడిన సుమారు 95 మైళ్ల తీరములో ఇది యొక భాగము. ఏటేట అనేక పాఠశాలలవారు పిల్లలను అచ్చటికి కొనిపోవుదురు. అట్టి యాత్రకు వలయు జాగ్రత్తలను మనము తెలిసికొనుట మంచిది. ఏలన, బిడ్డలను బడియాత్రకు పంపుటయో మానుటయో గ్రామమున పెక్కుసారులు మీ మాటనుబట్టియే జరుగును.

అచ్చటి కొండచరియలు బంకమన్ను, సున్నపురాయి పొరలతో నేర్పడినవి. వాని వయస్సు సుమారు 19 కోట్ల యేండ్లు. వాన మన్నును నానబెట్టును, చరియ విరిగిపడును, అలలు మన్నును కడిగి రాతిని మిగుల్చును. కావుననే గాలివాన వెలిసిన పిమ్మట శిలాజములు హెచ్చుగా దొరకును. అయితే చరియలు విరుగుటకును అదియే అదను. శిలాజమును బయటపెట్టునదియే ప్రాణమునకు ముప్పు తెచ్చుచున్నది.

1799లో లైమ్ రీజిస్‌లో ఒక వడ్రంగి యింట పుట్టిన మేరీ ఆనింగ్ కథ దీనికి నిదర్శనము. తండ్రి చనిపోయిన పిమ్మట ఆమె శిలాజములేరి యమ్మి కుటుంబమునకు తోడ్పడెను. 1811లో ఆమె యన్న ఇక్తియోసార్ అను ప్రాచీన జలసరీసృపము తలను కనుగొనగా, మరుసటి యేట ఆమె తక్కిన యస్థిపంజరమును కనుగొనెను. 1833లో ఒక చరియ విరిగిపడి, ఎల్లవేళల ఆమెను వెన్నంటి తిరుగు కుక్క మరణించెను. ఆమె తృటిలో బ్రదికెను. బాల్యమునుండి ఆ తీరము నెరిగిన యామెకే అట్లయినచో, పసివారి మాట చెప్పవలయునా?

కావున యాత్రకు వేళ నిర్ణయింపవలసినది బడిగంట కాదు, సముద్రము. ఒక పోటునకును మరియొక పోటునకును నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు పట్టును. అందుచే పోటువేళ దినదినమునకు సుమారు 50 నిమిషములు ఆలస్యమగుచుండును. మొన్న పనికివచ్చిన వేళ నేడు పనికిరాదు. అమావాస్యకును పూర్ణిమకును పోటు హెచ్చని మన తీరవాసులెల్ల రెరుగుదురు. నాటి పోటుపాట్ల పట్టికను చూచి, నీరు తీయుచుండగా తీరమునకు దిగి, మరల పోటు మొదలగుటకు ముందే మరలివలెను. లైమ్ రీజిస్, చార్మత్‌ల నడుమ ఆలస్యము చేసినవారిని పోటు కొండచరియకును నీటికిని మధ్య చిక్కుపరచును.

ఉపాధ్యాయుడు ముందుగా తానే యొకసారి పోయి చోటు చూచి రావలెను. పిల్లలను చిన్నచిన్న జట్లుగా విభజించి, ప్రతిజట్టునకు ఒక పెద్దను నియమించి, దిగునపుడును మరలునపుడును లెక్కించుకొనవలెను. చరియ క్రిందికి పోనీయరాదు; జారిపడిన మెత్తని మన్నుపై కాలు మోపనీయరాదు. వెదకవలసిన తావు చరియకు దూరముగా, అలలు కడిగిన గులకరాళ్ల నడుమనే కలదు. అచ్చటి నియమముల ప్రకారము అనుమతి లేక చరియను త్రవ్వరాదు. శాస్త్రమునకు ముఖ్యమైనది దొరకినచో చార్మత్‌లోని తీరవారసత్వకేంద్రమున నమోదు చేయింపవలెను. ప్రతిబాలుడును తనకు దొరకిన రాతిని ఎన్నడు, ఎచ్చట కనుగొనెనో చీటిపై వ్రాసి యుంచవలెను. చోటు తెలియని శిలాజము సాక్ష్యము చెప్పజాలదు.

మన రాజమహేంద్రవర ప్రాంతమునను, కాతేరు, పంగిడి చెంత సున్నపురాతి పొరలలో ప్రాచీన సముద్రపు గుల్లలు కలవు. అచ్చట పోటు లేదు. కాని రాతిగనుల యంచులు కలవు. చోటు మారినను జాగ్రత్త మారదు.

అట్టి యాత్రకు ఉపాధ్యాయుడు మీ సమ్మతి కోరినపుడు వలదని త్రోసివేయకుడు. విచారింపక ఔననియు ననకుడు. తీరమునకైనచో పాటువేళ ఎప్పుడు? పిల్లలను చరియకు ఎంత దూరమున నిలుపుదురు? వెంట ఎందరు పెద్దలుందురు? వాన వచ్చినచో యాత్ర మానుదురా? అని యడుగుడు. ఈ నాలుగింటికి తడబడక బదులు చెప్పిన యుపాధ్యాయుని వెంట బిడ్డలను పంపుడు. కోట్ల యేండ్లుగా వేచియున్న రాయి మరియొక వారము వేచియుండగలదు.