చమురుబావి పలుకుబడి

చేపలు పట్టుట యన నేమో కోనసీమవారికి ఒకరు చెప్పనక్కరలేదు. కాని అదే సీమలో చమురుబావి త్రవ్వుచోట ‘ఫిషింగ్’ జరుగుచున్నదని విని గాలమునకై వెదకినవాడు నవ్వులపాలగును. వేల అడుగుల లోతున గొట్టము తెగియో, పనిముట్టు జారియో పడినప్పుడు దానిని పైకి తీయు యత్నమునకు ఆ పేరు. పడిన వస్తువే ‘ఫిష్’.

ఇట్టి మాటలు ఆ వృత్తిలో కొల్లలు. బావి నోట బిగించు కవాటముల గుత్తి ‘క్రిస్మస్ ట్రీ’. ఎత్తైన ఉక్కు గోపురము ‘డెరిక్’. 1600 ప్రాంతమున లండనులో ఉండిన ఒక తలారి పేరది. మొదట ఉరికొయ్యకును, పిమ్మట బరువులెత్తు యంత్రమునకును, తుదకు ఈ గోపురమునకును సంక్రమించినది. పాపము, ఆ తలారి ఇంత కీర్తిని ఊహించి యుండడు!

వినోదము అంతవరకే. క్రేనులు, వెల్డింగు, రవాణా మున్నగు పనులను సబ్ కాంట్రాక్టుగా తీసికొను మనవారికి ఈ మాటలపైననే కూడును, ప్రాణమును ఆధారపడి యున్నవి.

‘మడ్’ అను మాటనే చూడుడు. అది బురద కాదు. నీటిలోనో నూనెలోనో బెంటొనైటు బంకమన్ను, ముగ్గురాయి పొడి, రసాయనములు పాళ్లు తప్పక కలిపిన ద్రవము. గొట్టము గుండ దిగి, బరమా కొనను చల్లబరచి, రాతి తునకలను మోసికొని పైకి వచ్చును. అన్నిటిని మించి, తన బరువుతో భూగర్భపు ఒత్తిడిని అణచిపట్టును. నీటికన్న నాలుగురెట్లకు పైగా బరువైన ఆ ముగ్గురాయి మన కడప సీమలోని మంగంపేటలో అపారముగా గలదు. విదేశముల చమురుబావులకును అచటినుండి పోవుచున్నది.

మడ్ బరువు చాలనిచో లోపలి వాయువో, చమురో, నీరో బావిలోనికి చొరబడును. అది ‘కిక్’. పంపు ఆపినను మడ్ పైకి వచ్చుచుండుట, ట్యాంకులో మట్టము పెరుగుట దాని గుర్తులు. ట్యాంకు కడుగు కూలివాడైనను అది కనిపెట్టి, తత్‌క్షణము డ్రిల్లరునకు చెప్పవలెను. కిక్ అదుపు తప్పినచో ‘బ్లోఅవుట్’. 1995 జనవరి 8న పాసర్లపూడిలో లేచిన మంట ఆరుటకు 65 దినములు పట్టినది. చుట్టుప్రక్కల జనము ఇండ్లు విడిచిపోవలసి వచ్చినది.

ఈ పదములను బలవంతముగ తెనిగించుట నాకు సమ్మతము కాదు. రిగ్గుమీద అరచి చెప్పవలసిన మాట అందరికి ఒక్కటిగనే ఉండవలెను. వాని అర్థమును మాత్రము తెలుగున వివరించు చిన్న పుస్తకము ప్రతి పనివాని చేతిలో ఉండదగును.

ఇక డబ్బు మాటలు. మనుష్యులు, యంత్రము సిద్ధముగ నుండి పరుల కారణమున ఊరక కూర్చున్నచో ‘స్టాండ్‌బై’. సాధారణముగ పనిరేటుకన్న తక్కువైనను కొంత ముట్టును. తన యంత్రమే మొరాయించినచో ‘డౌన్‌టైమ్’. తరచుగా ఏమియు రాదు. రాత్రి క్రేను నిలిచినది వానవలననా, తన లోపమువలననా అను సంగతిని ఆ పూటనే టైంషీటులో వ్రాయించి ‘కంపెనీ మ్యాన్’ సంతకము గైకొనని సబ్ కాంట్రాక్టరు నెలాఖరున బిల్లు పట్టుకొని తిరుగవలసినదే.

ఫిషింగ్ ఫలింపక అద్దె పనిముట్టు లోననే ఉండిపోయినచో ‘లాస్ట్ ఇన్ హోల్’. దాని వెల ఎవరు భరింతురో, పాతబడినందుకు ఎంత తగ్గింతురో ఒడంబడికలో ఏ పుటనున్నదో, పనిముట్టు బావిలోనికి దిగకమునుపే చూచుకొనవలెను.