కంటెయినర్ పోయినా.. డేటా పోకూడదు!

ప్రాజెక్టు కోసం డాకర్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడుపుతున్నారు. నెల రోజులుగా ఎక్కించిన డేటా అంతా అందులోనే ఉంది. ఏదో సెట్టింగ్ మార్చాలని పాత కంటెయినర్‌ను తీసేసి కొత్తది పెట్టారు. తీరా చూస్తే ఒక్క టేబులూ లేదు! రేపే డెమో. ఇలాంటి పరిస్థితి మీకు రాకూడదంటే కొన్ని సంగతులు ముందే తెలుసుకోవాలి. ఇంటర్వ్యూలోనూ ఇవే అక్కరకొస్తాయి.

ఎందుకింత ఆదరణ?

2013లో వచ్చిన డాకర్, సాఫ్ట్‌వేర్‌నూ అది నడవడానికి కావాల్సిన ఫైళ్లనూ కలిపి ఒక ఇమేజ్‌గా కట్టిపెడుతుంది. ఆ ఇమేజ్ నుంచి నడిచేదే కంటెయినర్. దీంతో ఇన్‌స్టలేషన్ తంటా తప్పుతుంది. టీమ్‌లో నలుగురూ ఒకే వెర్షన్ వాడొచ్చు. ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు వెర్షన్లను వేర్వేరు పోర్టులపై నడపొచ్చు.

చిక్కంతా ఎక్కడ?

కంటెయినర్‌ను ఎప్పుడైనా తీసేసి మళ్లీ పెట్టుకోవచ్చు. డేటా విషయంలో అలా కుదరదు. కంటెయినర్‌ను స్టాప్ చేసి మళ్లీ స్టార్ట్ చేస్తే డేటా అలాగే ఉంటుంది. రిమూవ్ చేస్తే మాత్రం దాని సొంత పొరలో రాసిందంతా పోతుంది. పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్ వాడినప్పుడు, మీరేమీ చెప్పకపోతే డాకర్ డేటా కోసం పేరులేని వాల్యూమ్ ఒకటి పెడుతుంది. కొత్త కంటెయినర్‌కు ఆ పాత వాల్యూమ్ సంగతి తెలియదు. మరో ఖాళీ వాల్యూమ్‌తో మొదలైపోతుంది. కాబట్టి కంగారులో 'ప్రూన్' కొట్టేయకండి. ముందు వాల్యూమ్‌ల జాబితా చూడండి, పాత డేటా అక్కడే దొరకొచ్చు.

ఇవి అలవాటు చేసుకోండి

* వాల్యూమ్‌కు మీరే ఒక పేరు పెట్టి తగిలించండి. ఏ ఫోల్డర్‌కు తగిలించాలో ఇమేజ్ డాక్యుమెంటేషన్‌లో చూసుకోండి. పోస్ట్‌గ్రెస్ 18 ఇమేజ్ నుంచి ఆ ఫోల్డర్ మారింది.

* కంపోజ్‌లో 'డౌన్' అంటే పేరున్న వాల్యూమ్‌లు పోవు. దానికి 'మైనస్ వి' చేర్చితే అవీ పోతాయి.

* ఇమేజ్ ట్యాగ్‌లో 'లేటెస్ట్' అని వదిలేయకుండా వెర్షన్ నంబరు రాయండి. పోస్ట్‌గ్రెస్ 16 డేటా ఫోల్డర్‌ను 17 నేరుగా తెరవలేదు.

* పాస్‌వర్డ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. తర్వాత దాన్ని మార్చినా పాత పాస్‌వర్డే ఉంటుంది. డేటాబేస్ లోపలికెళ్లి మార్చాలి.

* ఒకే డేటా ఫోల్డర్‌పై రెండు పోస్ట్‌గ్రెస్ కంటెయినర్లు ఒకేసారి నడపొద్దు. డేటా పాడవుతుంది.

* వాల్యూమ్ ఉందిగా అని బ్యాకప్ మానొద్దు. పీజీ డంప్‌తో కాపీ తీసి, ఖాళీ కంటెయినర్‌లో రీస్టోర్ అవుతుందో లేదో ఒకసారి చూసుకోండి.

ఉద్యోగంలో ఎలా?

నేర్చుకోవడానికి, టెస్టింగ్‌కు కంటెయినర్ డేటాబేస్ చక్కగా సరిపోతుంది. అసలు కస్టమర్ల డేటా దగ్గరికొస్తే చాలా కంపెనీలు క్లౌడ్ సంస్థలు నిర్వహించే డేటాబేస్ సర్వీసులు వాడతాయి. కుబెర్నెటీస్‌లో నడిపేవాళ్లకు 'స్టేట్‌ఫుల్‌సెట్' ఉంది. అది ప్రతి కంటెయినర్ బృందానికీ స్థిరమైన పేరు, సొంత స్టోరేజీ ఉండేలా చూస్తుంది. రెండు దారులూ తెలిస్తే 'ఎప్పుడు ఏది?' అన్న ప్రశ్నకు తడుముకోరు.

చదివి ఊరుకోకండి. ఈ రాత్రే ఒక టేబుల్ సృష్టించి, కంటెయినర్‌ను తీసేసి, అదే వాల్యూమ్‌తో కొత్తది పెట్టి చూడండి. పావుగంట పని. ఇంటర్వ్యూలో నిర్వచనం బట్టీపట్టి అప్పజెప్పడం కన్నా, మీ కళ్లతో చూసింది చెప్పడమే మేలు.