యాంపు బుయ్‌మంటే తప్పు డబ్బాలోనే ఉండాదా?

హెడ్‌ఫోన్ యాంప్లిఫైయర్‌లో బుయ్‌మని మోత మొదలైతే మనోళ్లు చేసే మొదటి పని ఏంది? పవర్ సప్లైలో కెపాసిటర్ మార్చేస్తారు. అప్పటికీ పోకపోతే రెగ్యులేటర్, ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్. డబ్బులు పోతాయి గానీ మోత మాత్రం అట్టనే ఉంటాది. నేను చెప్పేది ఒకటే: పార్టు కొనేముందు మీటరు పెట్టి చూడండి.

అంతకంటే ముందు హెడ్‌ఫోన్ పీకెయ్యండి. మన కుర్రోళ్లు సొంతంగా కట్టుకునే యాంపులు చానా వరకు ప్లస్ 12, మైనస్ 12 వోల్టుల మీద నడస్తాయి. అందులో ఒక పక్క పోతే రెండో పక్క డీసీ నేరుగా హెడ్‌ఫోన్‌లోకి రావచ్చు. లోపలి కాయిల్ మాడిపోతాది. జాక్ దగ్గర డీసీ కొలిస్తే కొద్ది మిల్లీవోల్టులే చూపించాల.

ఇంక వరసగా కొలవాల. మొదట గోడ ప్లగ్గు, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే ఏసీ, ఆ తర్వాత కెపాసిటర్ల మీద డీసీ, చివరన రెగ్యులేటర్ అవుట్‌పుట్. యాడ లెక్క తప్పితే ఆడే రోగం. ఏసీ బాగుండి కెపాసిటర్ కాడ తగ్గిందంటే డయోడ్‌నో కెపాసిటర్‌నో అనుమానించాల. 230 వోల్టులుండే చోట వేలు పెట్టొద్దు. సోల్డరింగ్ చేసేముందు ప్లగ్గు పీకి, కెపాసిటర్‌లో మిగిలిన చార్జిని ఒక కిలో ఓమ్ రెసిస్టర్‌తో దించెయ్యండి. రెగ్యులేటర్ మార్చేటప్పుడు కాళ్లు చూసుకోండి: 7812కి మొదటిది ఇన్‌పుట్, నడిమిది గ్రౌండ్. 7912కి మొదటిది గ్రౌండ్, నడిమిది ఇన్‌పుట్.

మోత పగలు లేకుండా సందకాడే వస్తా ఉంటే మాత్రం గోడ ప్లగ్గుని అనుమానించాల. మా సంగంలో నేను చూసిన ఒక యాంపుది ఇదే కత. రాత్రి ఏడింటికి ప్లగ్గులో 175 వోల్టులే ఉండాయి. అప్పుడు 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో పక్క 9 వోల్టులే ఇస్తాది. డయోడ్ దాటి కెపాసిటర్ కాడికి వచ్చేది 12 పైచిలుకు. 7812 సరిగ్గా పనిచెయ్యాలంటే దానికి 14 అయినా అందాల. అందకపోతే మోతని ఆపలేదు. అన్ని పార్టులూ బాగున్నా బుయ్‌మంటాది.

దీనికి మందు 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్. అదే 175 వోల్టుల కాడ కూడా కెపాసిటర్ మీద 15 వస్తాది. అయితే పగలు వోల్టేజీ పెరిగినప్పుడు 20 దాటిపోతాది గాబట్టి 25 వోల్టుల కెపాసిటర్లు తీసేసి 35 వోల్టులవి వెయ్యాల. రెగ్యులేటర్లకి చిన్న హీట్‌సింక్ కూడా పెట్టాల.

యాంపు బాగైందని ఊరుకోవద్దు. ఇంట్లో ఫ్రిజ్జు, చేలో మోటారు కూడా ఈ తక్కువ వోల్టేజీకే వేడెక్కి కాలిపోతాయి. వారం రోజులు తేదీ, టైము వేసి వోల్టేజీ రాసిపెట్టుకోండి. 1912కి ఫోన్ చేసి ఆ అంకెలు చెప్పండి. 'కరెంటు సరిగ్గా లేదు' అంటే ఎవురైనా దాటేస్తారు. 'ఏడింటికి 175' అంటే జవాబు చెప్పక తప్పదు.