పాత కార్గో బండిని క్యాంపర్‌గా మార్చొచ్చా? లోపల ప్లైవుడ్ కొట్టే ముందు ఈ మూడూ తేల్చుకోవాల్సిందే!

తడ: చెన్నై నుంచి ఎన్‌హెచ్-16 మీద వస్తుంటే తమిళనాడు సరిహద్దు దాటగానే తగిలే ఊరు తడ. ఒకప్పుడు నెల్లూరు జిల్లా.. 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. ఒక పక్క పులికాట్ సరస్సు, ఇంకో పక్క శ్రీసిటీ. చలికాలం వస్తే ఫ్లెమింగోలను చూడ్డానికి, తడ ఫాల్స్‌గా పేరుపడ్డ ఉబ్బలమడుగు జలపాతానికి వెళ్లడానికి కుటుంబాలతో సహా జనం ఇటు వస్తుంటారు. అలా వచ్చినప్పుడు రూమ్ వెతుక్కునే పని లేకుండా బండిలోనే పడుకుంటే ఎలా ఉంటుంది? క్యాంపర్ ఆలోచన మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

యూట్యూబ్‌లో అయితే చాలా ఈజీగా కనిపిస్తుంది. అమెరికాలో ఒకాయన ఖాళీ కార్గో ట్రైలర్ కొంటాడు. గోడలకు ప్లైవుడ్ కొట్టి, మంచం, సింకు, సోలార్ ప్యానెల్ బిగిస్తాడు. పది నిమిషాల వీడియోలో ఇల్లు రెడీ. మన దగ్గర కార్ల వెనక లాగే కార్గో ట్రైలర్లు అరుదు. అందుకే ఇక్కడ చాలామంది చూపు సెకండ్ హ్యాండ్ పికప్‌లు, 14 అడుగుల కంటైనర్ బండ్ల మీద పడుతుంది. పికప్‌లకైతే ఈ ఏరియాలో కొదవ లేదు. ఇసుజు డి-మ్యాక్స్ తయారయ్యేదే శ్రీసిటీలో.. 2016 నుంచి.

లోపలి పనికి కార్పెంటర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ దొరకడం పెద్ద కష్టం కాదు. అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. కాగితం, కాటా, గాలి.. ఈ మూడూ తేలకుండా లోపల ఎంత ఖర్చు పెట్టినా వృథానే. ఒక్కోసారి ప్రాణానికే ప్రమాదం.

మొదటిది కాగితం.. ఆర్సీలో ఏముంది?

బండిని ఇల్లుగా మార్చుకుని తిరగడం తెలుగువాళ్లకు కొత్తేం కాదు. 1982లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యాన్‌ను ప్రచారానికి వీలుగా మార్పించి ‘చైతన్య రథం’ పేరుతో రాష్ట్రమంతా తిరిగారు. నడిపింది కుమారుడు హరికృష్ణ. సినిమా షూటింగుల్లో స్టార్ల క్యారవాన్లయితే అందరికీ తెలిసినవే. కానీ ఇప్పుడు రోడ్డు మీద నడుస్తున్నది 1988 నాటి మోటారు వాహనాల చట్టం. అందులో సెక్షన్ 52 చాలా స్పష్టంగా ఉంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు, ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా ఓనర్ బండిని మార్చకూడదు.

2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. కేరళ నుంచి వచ్చిన ‘ఆర్టీఓ వర్సెస్ కె.జయ’ కేసులో, తయారీ కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్‌ను మార్చడం కుదరదని చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం శిక్షను కూడా చేర్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

‘ఎవరు పట్టుకుంటారులే’ అనుకునేవాళ్లు ఉంటారు. తడ దగ్గర అది ఇంకా రిస్క్. ఇది రాష్ట్ర సరిహద్దు. గంట ప్రయాణంలో రెండు రాష్ట్రాల రవాణా శాఖలు, రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురవుతారు.

అయితే జరిమానా కంటే పెద్ద దెబ్బ ఇన్సూరెన్స్‌లో తగులుతుంది. ఆర్సీలో గూడ్స్ వెహికిల్ అని ఉంటే, లోపల ఎంత మెత్తటి పరుపు వేసినా చట్టం కళ్లకు అది సరుకు బండే. 2002 డిసెంబరులో ‘న్యూ ఇండియా అష్యూరెన్స్ వర్సెస్ ఆశారాణి’ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు ఏదైనా జరిగితే పరిహారం కట్టే బాధ్యత ఇన్సూరెన్స్ కంపెనీది కాదని. అంటే వెనక డబ్బాలో భార్యాపిల్లలను కూర్చోబెట్టుకుని వెళ్తుండగా ప్రమాదం జరిగితే? ఆసుపత్రి ఖర్చులతో పాటు పరిహారం బాధ్యత కూడా ఓనర్ నెత్తినే పడొచ్చు.

మరి లీగల్‌గా దారి లేదా?

ఉంది. కేంద్రం వాహనాల జాబితాలో ‘సొంత వాడకానికి క్యాంపర్ వ్యాన్ లేదా ట్రైలర్’ అనే రకం ఉంది. అద్దెకు తిప్పుకునేవాటికి ‘మోటారు క్యారవాన్’ అని వేరే పేరు. మోటారు క్యారవాన్ల భద్రత కోసం ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం కూడా ఉంది. టూరిజం కోసం కేరళ 2021లోనే ‘కేరవాన్ కేరళ’ పేరుతో పాలసీ తెచ్చింది.

కాబట్టి దారులు మూడు. ఒకటి, ఆమోదం ఉన్న బిల్డర్ దగ్గర క్యాంపర్‌గానే రిజిస్టర్ అయ్యే బండి తీసుకోవడం. రెండు, రిజిస్ట్రేషన్ కాని కొత్త ఛాసిస్ కొని దాని మీద క్యాంపర్ బాడీ కట్టించడం. దీనికి టెస్టింగ్ ఏజెన్సీ సర్టిఫికెట్ ఉండాలి. పుణెలోని ఏఆర్ఏఐ, చెన్నై దగ్గర ఒరగడంలోని గార్క్ లాంటి సంస్థలు ఈ పని చేస్తాయి. మూడోది చవకైన దారి. సొంత కారు లేదా వ్యానులో దేన్నీ కోయకుండా, వెల్డింగ్ చేయకుండా, సీట్లు పీకకుండా.. కావాలన్నప్పుడు పెట్టి, వద్దన్నప్పుడు తీసేసే మంచం, కిచెన్ బాక్స్ చేయించుకోవడం. బండి ఆగాక వాడుకుంటారు కాబట్టి స్పెసిఫికేషన్ మారదు.

ట్రైలర్ తీసుకుంటే దానికీ విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంకో ముఖ్యమైన విషయం.. ట్రైలర్ కదులుతున్నప్పుడు లోపల మనుషులు ఉండకూడదు. ఇల్లులా కనిపించినా అందులో సీటు బెల్టు ఉండదు, గుద్దుకుంటే తట్టుకునే బలమూ ఉండదు.

ఏ దారైనా సరే.. ముందు స్థానిక ఆర్టీఓ ఆఫీసులో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వాలి. ‘ఆర్సీ సంగతి మేం చూసుకుంటాం’ అనే మాటను నమ్మి డబ్బు కట్టొద్దు.

రెండోది కాటా.. బరువు ఎక్కడ పెరుగుతుంది?

ఉదాహరణకు డబ్బా బరువు పోను 1,200 కిలోలు మోయగల పికప్ ఉందనుకుందాం. చాలా ఎక్కువే అనిపిస్తుంది. ఇప్పుడు లెక్క చూద్దాం.

18 ఎంఎం ప్లైవుడ్ షీట్, 8 అడుగులు బై 4 అడుగులది, ఒక్కోటి దాదాపు 35 కిలోలు. పది షీట్లు వాడితే 350. ఇనుప ఫ్రేము 150. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. ఇన్వర్టర్‌కు వాడే పెద్ద ట్యూబులర్ బ్యాటరీ 50 నుంచి 60. పరుపులు, గిన్నెలు, సామాను 150. నలుగురు మనుషులు 260. మొత్తం కలిపితే వెయ్యి దాటిపోయింది. ఏసీ, ఫ్రిజ్, టాయిలెట్ ఇంకా కలపనే లేదు!

పరిమితి దాటితే 2019 సవరణ ప్రకారం జరిమానా 20 వేల నుంచే మొదలు. అదనంగా ఉన్న ప్రతి టన్నుకు ఇంకో 2 వేలు. అంతకంటే ముఖ్యం బ్రేకులు. బరువు పెరిగిన కొద్దీ బండి ఆగే దూరం పెరుగుతుంది.

అందుకే కార్పెంటర్‌కు ముందే చెప్పాలి. మంచం ఫ్రేముకు అల్యూమినియం సెక్షన్, గోడలకు 6 ఎంఎం, షెల్ఫులకు 9 ఎంఎం ప్లైవుడ్ చాలు. ఇంట్లో వార్డ్‌రోబ్ చేసినట్టు చేస్తే కుదరదు. నీళ్ల ట్యాంకు, బ్యాటరీ లాంటి బరువైనవి కిందన, యాక్సిల్‌కు దగ్గరగా ఉండాలి. సగం నిండిన ట్యాంకులో నీళ్లు మలుపుల్లో ఊగిపోతాయి. లోపల అడ్డు పలకలున్న ట్యాంకు అయితే మంచిది. ట్రైలర్‌లో బరువు వెనక్కి ఎక్కువైతే స్పీడులో తోక ఊపినట్టు అటూ ఇటూ ఊగి, లాగే కారును కూడా తిప్పేస్తుంది. అందుకే బరువు కాస్త ముందు వైపే ఉండాలి.

కాటాకు రెండుసార్లు వెళ్లాలి. ఖాళీ బండితో ఒకసారి, పనంతా అయ్యాక నీళ్లు, సామాను, మనుషులతో ఇంకోసారి. ఆ రెండు స్లిప్పులే అసలు లెక్క.

మూడోది గాలి.. రాత్రి తలుపు వేశాక ఏం జరుగుతుంది?

అన్నిటికంటే ప్రమాదకరం ఇదే. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆగి ఉన్న క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని నిపుణుల పరిశీలనలో తేలింది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్న మనిషికి తెలిసేలోపే స్పృహ పోతుంది.

అందుకే జనరేటర్‌ను బండి లోపల, నేల కింద, కిటికీ పక్కన పెట్టి పడుకోకూడదు. ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకుని నిద్రపోవడం కూడా అలాంటిదే. వైర్ల కోసం, పైపుల కోసం ఫ్లోర్‌లో వేసిన ప్రతి రంధ్రాన్నీ సీల్ చేయాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి మంచం ఎత్తులో తప్పనిసరిగా పెట్టాలి.

ఇక వంట గ్యాస్. ఎల్పీజీ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, ఫ్లోర్ మీదే పేరుకుంటుంది. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే పెట్టి ఊరుకుంటే సరిపోదు. సిలిండర్ ఉండే అరకు అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి. వీలైతే వంట బండి బయటే చేసుకోవడం ఉత్తమం. ఇది మన వాతావరణానికి సుఖం కూడా.

బయటపడే దారి ఇంకో ముఖ్యమైన విషయం. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర స్లీపర్ బస్సు కాలిపోయిన ఘటన తెలుగు రాష్ట్రాలను కుదిపేసింది. నిద్రలో ఉన్నవాళ్లకు మంటల నుంచి బయటపడే టైమ్ చాలా తక్కువ. కార్గో డబ్బాకు ఉండేది వెనక తలుపు ఒక్కటే.. అదీ బయటి నుంచి గడియ పెట్టేది! క్యాంపర్‌కు రెండో దారి ఉండాలి. రెండూ లోపలి నుంచి తెరుచుకోవాలి. తలుపు దగ్గర ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి.

అప్పుడు ఇంటీరియర్ పని.. ఏది ముందు?

ఈ మూడూ తేలాకే లోపలి పని. పులికాట్ ఒడ్డున ఉప్పు గాలి ఎక్కువ. రేకుకు డ్రిల్లింగ్ చేసిన ప్రతి చోటా తుప్పు మొదలవుతుంది. కాబట్టి ముందుగా తుప్పు గీకి ప్రైమర్ కొట్టాలి. రంధ్రాల అంచులకు కూడా! స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వాడాలి.

తర్వాత ఇన్సులేషన్. మే నెలలో ఎండలో నిలబెట్టిన రేకు డబ్బా పొయ్యి మీది పెనంతో సమానం. చవకగా వస్తుందని థర్మోకోల్ పెడుతుంటారు. అంటుకుంటే అది వేగంగా కాలి విషపు పొగ వదులుతుంది. దానికంటే నైట్రైల్ రబ్బర్ ఫోమ్ షీట్ మంచిది. రేకుకు గ్యాప్ లేకుండా అంటించాలి. గ్యాప్ ఉంటే మన ఊపిరిలోని తేమ చల్లటి రేకు మీద నీరై, ప్లైవుడ్ వెనక బూజు పడుతుంది. టాప్‌కు తెల్ల రంగు వేస్తే వేడి ఇంకొంచెం తగ్గుతుంది.

మూడోది వైరింగ్. గోడలు మూసే ముందే అయిపోవాలి. ప్రతి లైనుకూ విడిగా ఫ్యూజ్ ఉండాలి. ఆ తర్వాతే గోడలు, ఫ్లోర్. ఇక్కడ ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర చూసుకోవాలి. అది మెరైన్ గ్రేడ్, తేమను తట్టుకుంటుంది. చివర్లో మంచం, అరలు. ప్రతిదీ బోల్టులతో బిగించాలి. సడన్ బ్రేక్ కొడితే ఊడిన అర మనిషి మీదికే వస్తుంది.

కరెంటు ఎంత కావాలి?

ఇంటి బిల్లులో చూసే యూనిట్లలోనే చెప్పుకుందాం. 30 వాట్ల ఫ్యాన్ పది గంటలు, నాలుగు ఎల్‌ఈడీ లైట్లు, ఫోన్ల ఛార్జింగ్, చిన్న 12 వోల్టుల ఫ్రిజ్.. అన్నీ కలిపి రోజుకు ఒక యూనిట్ వరకు. 12 వోల్టుల 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ ఒకటి దాదాపు యూనిట్ పావు ఇస్తుంది. మంచి ఎండ ఉంటే 330 వాట్ల సోలార్ ప్యానెల్ దాన్ని తిరిగి నింపగలదు.

ఏసీ అనేసరికి కథ మారిపోతుంది. టన్ను ఏసీ రాత్రంతా తిరిగితే నాలుగైదు యూనిట్లు తాగేస్తుంది. అంటే అలాంటి బ్యాటరీలు కనీసం నాలుగు. ఖర్చూ పెరుగుతుంది, కాటా మీద బరువూ పెరుగుతుంది. ప్లగ్ దొరికే చోట ఆగితేనే ఏసీ అనుకుంటే బడ్జెట్ అదుపులో ఉంటుంది.

చివరగా వాడిన నీళ్లు. సింకు పైపును నేల మీదికి వదిలేయకూడదు. పులికాట్ పక్షుల అభయారణ్యం. మత్స్యకారులకు అన్నం పెట్టే సరస్సు. సబ్బు నీళ్లకు ఒక ట్యాంకు, టాయిలెట్‌కు మూత ఉన్న క్యాసెట్ పెట్టుకుని, ఖాళీ చేయడం మాత్రం ఇంటికెళ్లాకే.

పని అంతా అయ్యాక మొదటి రాత్రి సరస్సు ఒడ్డున వద్దు. ఇంటి ముందే నిలబెట్టి పడుకుని చూడాలి. అలారం మోగుతోందా? రెండో తలుపు చీకట్లో పిల్లలకు కూడా తెరుచుకుంటోందా? ఈ రెండింటికీ ‘అవును’ అని జవాబు వచ్చాకే తడ వైపు స్టీరింగ్ తిప్పాలి.