పేగు క్యాన్సర్‌కు ఒంటి కణాలే అండ

సత్యవేడు: తుంగ పట్టిన చేనును బాగు చేయడం ఎంత కష్టమో మన వేరుశనగ రైతులకు వేరే చెప్పనక్కరలేదు. పైన పీకి పారేసినా అడుగున దుంప మిగిలితే వాన పడగానే మళ్లీ తల ఎత్తుతుంది. పెద్దపేగు క్యాన్సర్‌కు మందులు వాడిన కొందరిలో జరుగుతున్నదీ ఇంచుమించు ఇదే. గడ్డ కరిగిందని సంతోషించిన కొన్ని నెలలకే జబ్బు తిరగబెడుతుంది. పథ్యం తప్పాడనీ, మందు పడలేదనీ ఇంట్లోవాళ్లు రోగినే తప్పుపట్టడం కద్దు. పాపం, అందులో అతని తప్పేమీ లేదు.

విత్తనం ఒక్కటే చాలదు, నేల కూడా అనుకూలించాలని ఇంగ్లండు శస్త్రవైద్యుడు స్టీఫెన్ పేజెట్ 1889లోనే చెప్పాడు. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు పరిశీలించి ఆయన అన్న మాట అది. పేగు క్యాన్సర్‌లో ఆ నేల ఏమిటో ఇప్పుడు తెలిసివస్తోంది.

కొడవలి తగిలి వేలు తెగితే గాయాన్ని పూడ్చి మచ్చ కట్టించేవి ఫైబ్రోబ్లాస్టులనే కణాలు. పేగులో క్యాన్సర్ పుట్టినప్పుడు దాన్నీ మాన్పవలసిన గాయంగానే ఎంచి అవి పనిలోకి దిగుతాయి. క్యాన్సర్ గడ్డలు మానని పుళ్లవంటివని అమెరికా వైద్యుడు హెరాల్డ్ డ్వొరాక్ 1986లో రాశాడు. ఈ కణాలు గడ్డ చుట్టూ నారవంటి పదార్థాన్ని పొరలు పొరలుగా పేరుస్తాయి. రక్తనాళాలు నొక్కుకుపోతాయి. బండబారిన నేలలో నీరు ఇంకనట్టే, నరానికి ఎక్కించిన మందు లోపలిదాకా చేరదు. మందు దెబ్బకు చావవలసిన క్యాన్సర్ కణాలకు బతికే సంకేతాలు అందించేవీ ఇవే. రోగాన్ని ఎదుర్కొనే తెల్లకణాలను దగ్గరికి రానివ్వనివీ ఇవే.

ముదురు రకం పేగు క్యాన్సర్‌ను పట్టిచ్చే జన్యువుల జాడ ఎక్కువగా ఈ చుట్టుపక్కల కణాలలోనే ఉందని 2015లో స్పెయిన్, ఇటలీ పరిశోధకులు వేర్వేరుగా కనుగొన్నారు. 2018లో బార్సిలోనాలో ఎలుకలపై టీజీఎఫ్ బీటా అనే సంకేతాన్ని అడ్డుకోగా తెల్లకణాలు గడ్డలోకి చొచ్చుకుపోయాయి. మనుషులకు అది ఇంకా మామూలు వైద్యం కాలేదు. పోనీ ఫైబ్రోబ్లాస్టులను మొత్తంగా చంపేద్దామా అంటే, 2014లో క్లోమ క్యాన్సర్ ఉన్న ఎలుకలలో అలా చేస్తే జబ్బు మరింత ముదిరింది. గట్టు తెగిన చేనులా అయిందన్నమాట.

ప్రస్తుతానికి ఆధారం పాత మందులే. వాటిలో ముఖ్యమైన ఫ్లోరోయురాసిల్‌కు తోడుగా ఇచ్చే ల్యూకోవోరిన్ ఫోలిక్ యాసిడ్ జాతిది. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

గడ్డ పేగు గోడ దాటకముందే బయటపడితే చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది. మనవైపు చిక్కు అక్కడే. విరేచనంలో రక్తం కనిపిస్తే మొలలని సరిపెట్టుకుని నెలల తరబడి నాటుమందు వాడేస్తారు. మొలలే కావచ్చు. కానీ రక్తం ఆగకపోయినా, విరేచనం తీరు మారినా, కారణం లేకుండా నీరసించి చిక్కిపోతున్నా గొట్టంతో పేగు లోపల చూసే కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఇందుకు తిరుపతిలో స్విమ్స్ ఉంది. ఊత్తుకోట మీదుగా చెన్నై వెళితే, 1954లో ముత్తులక్ష్మీరెడ్డి నెలకొల్పిన అడయార్ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది.