పేలకు ఏ మందు? ముందు తల దువ్వి చూడండి

బడులు తెరిచిన రెండు మూడు వారాలకు పిల్లల ఓపీకి వచ్చే తల్లులు చాలామంది జ్వరానికో దగ్గుకో మందు రాయించుకుని, లేచి వెళ్ళబోతూ గొంతు తగ్గించి ఇంకో మాట అడుగుతారు. "సిస్టర్, పాప తల నిండా పేలు. ఏం రాయమంటారు?" ఇందులో గొంతు తగ్గించాల్సిన పని లేదు. పేలు మురికి వల్ల పుట్టవు, పేదరికం చూసి రావు. రోజూ తలంటుకునే పిల్లకు కూడా పేలున్న తల ఒకటి ఆనితే చాలు. పేను ఎగరలేదు, దూకలేదు. వెంట్రుక పట్టుకుని పాకడం ఒక్కటే దానికి తెలుసు. తల తల ఆనించి ఆడుకునే పిల్లలకు, ఒక పక్కలో పడుకునే అక్కచెల్లెళ్ళకు, అమ్మమ్మ చాటున నిద్రపోయే మనుమరాలికి అందుకే ఎక్కువ.

నిర్గమకాండము 8వ అధ్యాయంలో ఐగుప్తు మీదికి వచ్చిన మూడవ తెగులు పేలేనని మనకందరికీ తెలుసు. అవి మనుష్యులనూ పశువులనూ కూడా పట్టాయి. మన తలపేను మాత్రం మనిషి తల మీద తప్ప కుక్క మీద, పిల్లి మీద బతకదు. బైబిలు దేశం నుండే ఇంకో విశేషం ఉంది. యెహోషువ గ్రంథంలో కనబడే లాకీషు పట్టణం తవ్వకాల్లో 2016లో ఏనుగు దంతంతో చేసిన చిన్న దువ్వెన ఒకటి దొరికింది. వయస్సు సుమారు 3,700 సంవత్సరాలు. దాని మీద కనాను లిపిలో గీసిన 17 అక్షరాలు ఉన్నాయని తరువాత గమనించి, 2022లో ప్రకటించారు. తలలోని, గడ్డంలోని పేలను ఈ దంతం ఊడబెరకాలన్నది ఆ రాత భావం. ఒక వైపు 6 లావు పళ్ళు, రెండో వైపు 14 సన్న పళ్ళు. సన్న పళ్ళ మధ్య పేను పిల్ల అవశేషం కూడా దొరికింది. మన అమ్మమ్మల పెట్టెల్లో ఉండే రెండు వైపుల చెక్క దువ్వెన గుర్తుకు వస్తుంది కదా! ఇన్ని వేల ఏళ్ళలో మందులు ఎన్నో వచ్చి పోయాయి గానీ దువ్వెన పని మాత్రం అయిపోలేదు.

పేను బతుకు తీరు

మందు ఎందుకు పనిచేస్తుందో, ఎందుకు చేయదో తెలియాలంటే పేను సంగతి కొంత తెలియాలి. పెద్ద పేను నువ్వుగింజంత ఉంటుంది. రోజుకు కొన్నిసార్లు రక్తం తాగుతుంది. ఆడపేను రోజుకు 8 వరకు గుడ్లు పెడుతుంది. వీటినే ఈపులనీ ఈర్లనీ అంటాం. తల వేడి తగిలేటట్టు, చర్మానికి అర సెంటీమీటరు దూరంలోనే, వెంట్రుకకు జిగురుతో అంటిస్తుంది. సుమారు 7 నుండి 10 రోజుల్లో గుడ్డు పగిలి పిల్ల పేను వస్తుంది. అది పెరిగి మళ్ళీ గుడ్లు పెట్టేటప్పటికి ఇంకో 9 నుండి 12 రోజులు పడుతుంది. తల నుండి కింద పడ్డ పేను ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది.

దురద పేను కాటు వల్ల వెంటనే రాదు. దాని లాలాజలం మన ఒంటికి పడకపోవడం వల్ల వస్తుంది. మొదటిసారి పేలు పట్టిన పిల్లకు దురద మొదలయ్యేసరికి నాలుగు నుండి ఆరు వారాలు పట్టవచ్చు. కాబట్టి "మా వాడు గోక్కోవడం లేదు, వాడికి లేవు" అన్న మాట నమ్మడానికి వీల్లేదు. ఇంకో భయం కూడా తీసేయాలి. టైఫస్ వంటి జ్వరాలను మోసేది బట్టల మడతల్లో ఉండే ఒంటిపేను. తలపేను జబ్బులు అంటించదు. అయితే గోకి గోకి పుండ్లు పడి చీము పట్టడం, మెడ వెనుక గడ్డలు కట్టడం మాత్రం మేము తరచుగా చూస్తాం. అది వచ్చాక పేల మందు ఒక్కటే చాలదు, డాక్టరుకు చూపించాలి.

కంటితో వెదకడం చాలదు

ఎండలో మెట్ల మీద కూర్చోబెట్టి పాయలు విడదీసి చూడడం మన పద్ధతి. తల్లీబిడ్డలు కబుర్లు చెప్పుకోవడానికి అది మంచిదే కానీ, పేలు కనిపెట్టడానికి అంత మంచిది కాదు. వెలుతురు తగిలితే పేను పక్కకు పారిపోతుంది. 2009లో జర్మనీ వైద్యులు 304 మంది బడిపిల్లల మీద రెండు పద్ధతులూ పోల్చి చూసి ప్రకటించారు. బతికిన పేలున్న పిల్లల్లో కంటిచూపుతో దొరికినవారు నూటికి 29 మందే. తడి జుట్టును సన్న దువ్వెనతో దువ్వితే 90 మంది దొరికారు. అంటే కంటితో చూసి "లేవు" అని పంపించిన పిల్లల్లో చాలామందికి ఉన్నట్టే.

తడి దువ్వుడు ఇలా చేయండి. తలస్నానం చేయించి, తడి జుట్టుకు కండిషనరు ధారాళంగా పట్టించండి. కండిషనరు లేకపోతే కొబ్బరినూనె చాలు. జారుడుగా ఉంటే పేను పరుగెత్తలేదు, దువ్వెన పట్టుకోదు, పాప ఏడవదు. మామూలు దువ్వెనతో ముందు చిక్కు తీయండి. తరువాత పేల దువ్వెన (ఈర్పెన అని పెద్దవాళ్ళు అనేది దీన్నే) తల చర్మానికి ఆనించి, కుదురు నుండి కొస దాకా ఒక్క లాగు లాగండి. ప్రతి లాగు తరువాత దువ్వెనను తెల్లని గుడ్డకు తుడిచి చూడండి. చెవుల వెనుక, మెడ పైన, నడినెత్తిన మరీ జాగ్రత్తగా చూడాలి. పొడుగు జుట్టుకు అరగంట పడుతుంది. ఉక్కు పళ్ళది, పళ్ళ మధ్య సందు 0.3 మిల్లీమీటర్లకు మించనిది కొనండి. ప్లాస్టిక్ దువ్వెన పళ్ళు వంగిపోయి పేలను వదిలేస్తాయి.

పాకే పేను ఒక్కటైనా కనబడితే చికిత్స అవసరం. ఈపులు మాత్రమే కనబడితే తొందరపడకండి. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కాబట్టి చర్మానికి సెంటీమీటరు పైన కనబడే తెల్లని ఈపులు దాదాపుగా ఖాళీ పెంకులే. ఎప్పుడో పోయిన పేలకు ఇప్పుడు మందు రాయడం వృథా. చుండ్రు అయితే వేలితో లాగితే జారి వస్తుంది, ఈపి రాదు.

ఒకరికి ఉంటే ఇంట్లో అందరి తలలూ అదే రోజు చూడండి, నాన్నతో సహా. నాన్నలు సాధారణంగా తప్పించుకుంటారు.

దుకాణంలో ఏది అడగాలి

మందుల దుకాణాల్లో ఎక్కువగా దొరికేది 1 శాతం పెర్మెత్రిన్. రెండు నెలలు దాటిన పిల్లలకు వాడవచ్చు. మన ఇళ్ళల్లో దీనితో వచ్చే చిక్కు ఒకటుంది. నూనె జడ మీదే మందు పూసేస్తారు. నూనె, కండిషనరు ఉంటే మందు వెంట్రుకకు పట్టదు. మామూలు షాంపూతో నూనె పోయేటట్టు రుద్ది, తువ్వాలుతో తుడిచి, చెమ్మగా ఉన్న జుట్టుకు కుదుళ్ళ నుండి పట్టించి, 10 నిముషాలు గడియారం చూసి ఉంచి కడగండి. ఆ తరువాత ఒకటి రెండు రోజులు తలంటవద్దు. ఇది గుడ్లన్నింటినీ చంపదు. కాబట్టి 9వ రోజున రెండోసారి తప్పకుండా పెట్టాలి. ఈ రెండోసారే అందరూ మరచిపోయేది, పేలు తిరిగి వచ్చాయనేదీ అందుకే. లోషనుగా, క్రీముగా దొరికితే అదే తీసుకోండి. షాంపూ రూపంలోనిది నీళ్ళతో పలచబడి తొందరగా కడుక్కుపోతుంది గనుక నాకు దాని మీద నమ్మకం తక్కువ. గజ్జికి ఇచ్చే 5 శాతం క్రీమును మీ అంతట మీరు తలకు రాయకండి.

చాలా దేశాల్లో పేలు పెర్మెత్రిన్‌కు లొంగకుండా తయారయ్యాయి. సరిగా పెట్టిన 12 గంటల తరువాత కూడా పేలు ముందులాగే చురుకుగా పాకుతుంటే అదే మందు మళ్ళీ మళ్ళీ పోయకండి. మందు మార్చాలి. డైమెథికోన్ లోషను ఇటువంటప్పుడు మంచిది. ఇది విషం కాదు, సిలికోన్ నూనె. పేనును పూత వేసినట్టు కప్పి చంపుతుంది. అందుకని పేను దీనికి అలవాటు పడిపోవడం కష్టం. 4 శాతం లోషనును రాత్రంతా ఉంచి ఉదయం కడిగి, వారానికి మళ్ళీ పెడతారు. ఇది తలకు ఉన్నంతసేపు పొయ్యి దగ్గరికి, దీపం దగ్గరికి, కొవ్వొత్తి దగ్గరికి వెళ్ళకూడదు, అంటుకుంటుంది.

ఐవర్‌మెక్టిన్ తలకు రాసే లోషనుగానూ, బిళ్ళగానూ ఉంది. 2020, 2021లో కోవిడ్ రోజుల్లో ఆ బిళ్ళ పేరు ఊరూరా తెలిసిపోయింది, అడిగిన వారందరికీ దొరికింది. పేలకు అది పనిచేసే మాట నిజమే. కానీ 15 కిలోల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వము. బరువును బట్టి లెక్క కట్టి డాక్టరు రాయాలి. పాత మందు లిండేన్, అంటే గామా బెంజీన్ హెక్సాక్లోరైడ్, ఎవరైనా చేతిలో పెడితే వద్దనండి. అది చర్మం గుండా లోపలికి పోయి నరాల మీద పనిచేసి మూర్ఛ తెప్పించగలదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2002లోనే దాన్ని నిషేధించింది.

మందు లేకుండా దువ్వెనతోనే పోగొట్టవచ్చునా? పోగొట్టవచ్చు, ఓపిక ఉంటే. 2000లో వేల్స్‌లో చేసిన పరిశీలనలో మలాథియాన్ మందుతో 78 శాతం మందికి నయమైతే తడి దువ్వుడుతో 38 శాతం మందికే నయమైంది. 2005లో బ్రిటన్‌లోనే జరిగిన మరో పరిశీలనలో దువ్వెన 57 శాతం మందికి నయం చేస్తే, దుకాణంలో కొన్న మందులు 13 శాతానికే పనిచేశాయి. రెండూ నిజమే. దువ్వెన మంచిదయి, చేయి తిరిగినదయి, స్థానికంగా మందుకు పేలు లొంగనివయితే దువ్వెన గెలుస్తుంది. చంటిపిల్లలకు, గర్భిణులకు నేను ముందు చెప్పేది దువ్వెనే. 1, 5, 9, 13 రోజుల్లో దువ్వాలి, 17వ రోజున చూడాలి. శనివారం తలంటుతో మొదలుపెడితే బుధవారం, మరుసటి ఆదివారం, ఆ గురువారం, ఆ పై సోమవారం. పుట్టిన పిల్ల పేలు పెద్దవై గుడ్లు పెట్టకముందే పట్టేయడం దీని కిటుకు. మందు వాడినవారు కూడా ఇలా దువ్వితే మరీ మంచిది.

దయచేసి ఇవి వద్దు

సీతాఫలం గింజల మాట కొంచెం గట్టిగానే చెప్పాలి. గింజలు నూరి తలకు పట్టిస్తే పేలు చస్తాయని మన పల్లెల్లో అందరికీ తెలుసు. చస్తాయి కూడా. అయితే ఆ ముద్ద నీళ్ళతో జారి కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర కాలినట్టు అవుతుంది. కొన్ని గంటల్లో కళ్ళు ఎర్రబడి, నీళ్ళు కారి, వెలుగు చూడలేక పిల్లలు ఏడుస్తూ వస్తారు. మన దేశపు కంటి డాక్టర్లు ఇటువంటి కేసులను వైద్య పత్రికల్లో రాశారు. పడిన వెంటనే శుభ్రమైన నీళ్ళతో 15 నుండి 20 నిముషాలు ఆపకుండా కడిగి, అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి తీసుకురండి. ఆముదం, చనుబాలు, ఇంట్లో మిగిలిన చుక్కలు వేయకండి. తొందరగా వస్తే చాలామందికి నయమవుతుంది. ఆలస్యమై పుండులో చీము పడితే మచ్చ మిగిలి చూపు తగ్గుతుంది. ఇరవై రోజుల్లో పోయే పేల కోసం బిడ్డ కన్ను పణంగా పెట్టకండి.

కిరసనాయిలు తలకు పూసి పొయ్యి ముందు కూర్చున్న పిల్ల సంగతి నేను రాయనక్కర లేదు. చర్మం పొక్కుతుంది కూడా. ఇక పత్తి చేనుకు, మిరప తోటకు కొట్టే పురుగు మందును "రెండు చుక్కలే కదా" అని నూనెలో కలిపి రాయడం ప్రాణాంతకం. నెత్తి చర్మం, అందులోనూ గోకిన పుండ్లున్న నెత్తి, ఆ విషాన్ని గబగబా పీలుస్తుంది. చొల్లు కారడం, చెమటలు, వాంతులు, కంటిపాపలు సూదిమొనంత చిన్నవి కావడం, ఊపిరి ఆడకపోవడం దాని గుర్తులు. వెంటనే బట్టలు మార్చి, కడిగేవారు చేతులకు తొడుగులు వేసుకుని తలను సబ్బుతో బాగా కడిగి, 108కు ఫోను చేయండి. మందు డబ్బా వెంట తీసుకురండి; దాని పేరు తెలిస్తే డాక్టరు పని సులువవుతుంది. బొద్దింకల చాక్‌పీసు, చీమల పొడి కూడా ఈ కోవలోవే.

కర్పూరం కలిపిన కొబ్బరినూనె చంటిపిల్లలకు మంచిది కాదు, కర్పూరం పొరపాటున కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి. వేపనూనె పై పూతకు పెద్దగా హాని లేకపోయినా దాని మీదే ఆధారపడలేము. వట్టి కొబ్బరినూనెలో పేను గంటల తరబడి ఊపిరి బిగబట్టి బతకగలదు. నూనె దువ్వడానికి సాయం, అంతే.

ఇల్లూ, బడీ

ఇల్లంతా మందు కొట్టవద్దు. గత రెండు రోజుల్లో వాడిన దిండు గలీబులు, తువ్వాళ్ళు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేస్తే చాలు. దువ్వెనలు వేడినీళ్ళలో పది నిముషాలు నానబెట్టండి. రిబ్బన్లు కూడా ఉతకండి.

పేలున్నాయని పిల్లను బడి మాన్పించకండి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా ఈ కారణంతో బడి నుండి పంపేయవద్దనే చెబుతుంది. ఆ పాటికి ఆమె తలలో పేలు నెల రోజులుగా ఉండే ఉంటాయి. ఆ రోజు సాయంత్రం మందు పెట్టి మర్నాడు పంపండి. పాఠం పోవడం, తరగతిలో నవ్వులపాలు కావడం పేల కంటే ఎక్కువ కీడు. జడ కత్తిరించడం, గుండు చేయించడం వైద్యంగా అవసరం లేదు. పాపను అడగకుండా అసలే చేయకండి.

హాస్టళ్ళలో ఒక్కరికి మందు పెడితే ఉపయోగం లేదు. ఒక గదిలోని పిల్లలందరినీ ఒకే సాయంత్రం తడి దువ్వుడుతో చూసి, పేలు దొరికిన వారందరికీ ఆ రోజే మొదలుపెట్టి, 9వ రోజును క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి. వార్డెనమ్మగారు అడిగితే మన ఆరోగ్య కార్యకర్తలు వచ్చి దువ్వే పద్ధతి చూపిస్తారు. సెలవులు అయ్యి తిరిగి వెళ్ళే పాప పెట్టెలో సబ్బు, పేస్టుతో పాటు ఆమె పేరు రాసిన పేల దువ్వెన కూడా ఒకటి పెట్టండి.