ప్రాథమికోన్నత తరగతులలో అలంకారాలు, నవలా పఠనం

ప్రాథమికోన్నత తరగతులలో (6, 7, 8) తెలుగు బోధనకు సంబంధించి అలంకారాలు, నవలా పఠనం అనేవి రెండు వేర్వేరు అంశాలుగా కనిపిస్తాయి. అలంకారాలు వాచకంలోని భాషాంశాల క్రింద, జాతీయాలు పదజాలం క్రింద వస్తాయి. కథలు, నవలా భాగాలు ఉపవాచకంలో గాని, గద్యపాఠాలలో గాని ఉంటాయి. బోధనాశాస్త్రంలో మొదటిదానిని క్షుణ్ణ పఠనానికి, రెండవదానిని విస్తార పఠనానికి చేర్చడం వాడుక. అయితే అలంకారం నిజంగా పనిచేసేది కథ నడకలోనే కాబట్టి, ఈ రెండింటినీ కలిపి చెప్పినప్పుడే విద్యార్థికి అలంకారం యొక్క ప్రయోజనం తెలుస్తుంది.

లక్షణం, లక్ష్యం, సమన్వయం

పాఠశాలలలో అలంకారాన్ని లక్షణం, లక్ష్యం (ఉదాహరణ), సమన్వయం అనే మూడు భాగాలుగా నేర్పుతారు. ఇది సంస్కృత లక్షణ గ్రంథాల నుండి వచ్చిన పద్ధతి. జయదేవుని చంద్రాలోకంలోను, దానిని ఆధారం చేసుకొని 16వ శతాబ్దంలో అప్పయ్య దీక్షితులు రచించిన కువలయానందంలోను సాధారణంగా ఒకే శ్లోకంలో సగం లక్షణానికి, సగం ఉదాహరణకు కేటాయించబడింది. కంఠస్థం చేయడానికి ఇంతకంటె అనువైన ఏర్పాటు లేదు.

చిక్కు ఉదాహరణల దగ్గర వస్తుంది. ఉపమాలంకారానికి తరతరాలుగా చెబుతున్న ఉదాహరణలో కృష్ణుని కీర్తి ఆకాశగంగలో మునిగే హంసతో పోల్చబడింది. ఇది కువలయానందం నుండి వచ్చినది. కీర్తి ఉపమేయం, హంస ఉపమానం, మునుగుట సమానధర్మం, "వలె" ఉపమావాచకం అని విద్యార్థి తడుముకోకుండా వ్రాస్తాడు. కాని కీర్తికి, హంసకు పోలిక ఎక్కడిది? కీర్తి తెల్లనిది అనేది కవిసమయం, అనగా కవులందరూ అంగీకరించిన కల్పన. హంస తెలుపు, ఆకాశగంగ తెలుపు, కీర్తి కూడా తెలుపే. కీర్తి స్వర్గం వరకు వ్యాపించిందని భావం. ఈ సంగతి చెప్పకపోతే 12 ఏళ్ళ పిల్లవానికి ఆ వాక్యం అర్థం లేని మాటల వరుసగానే మిగులుతుంది. అయినా పరీక్షలో పూర్తి మార్కులు వస్తాయి. లోపం బయటపడకపోవడానికి కారణం ఇదే.

"వలె" ఉన్నంత మాత్రాన ఉపమ కాదు

వలె, లాగా, పోలె, కరణి, పగిది వంటి ఉపమావాచకాలను గుర్తుపట్టమని నేర్పడం వలన మరొక పొరపాటు ఏర్పడుతుంది. "అన్నలాగే తమ్ముడు కూడా బడికి వెళ్ళాడు" అనే వాక్యంలో పోలిక ఉంది గాని అలంకారం లేదు. "గురువు చెప్పినట్లు చేశాడు" అనే దానిలో అసలు పోలికే లేదు. రెండు వేర్వేరు వస్తువుల మధ్య మనోహరమైన సాదృశ్యం ఉంటేనే ఉపమ అవుతుంది. "బడిగంట మ్రోగగానే పిల్లలు వరదలా బయటికి వచ్చారు" అన్నప్పుడు గుంపు, వేగం, అదుపులేనితనం ఒక్క మాటలో కళ్ళకు కడతాయి.

రూపకంలో ఉపమేయ ఉపమానాలకు భేదం లేనట్లు చెప్పబడుతుంది. సంసార సాగరం, జ్ఞానజ్యోతి ఇందుకు తరచుగా చూపే సమాసాలు. "పాదపద్మాలు" వంటి సమాసాల విషయంలో మాత్రం ఉపాధ్యాయులు కూడా తడబడటం కద్దు. దీనిని విడిగా చూచి నిర్ణయించడం కుదరదు. "పాదపద్మాలకు నమస్కరించాడు" అంటే నమస్కారం పాదాలకే గాని పద్మాలకు కాదు కనుక అక్కడ పాదమే ప్రధానం, అది ఉపమ. "పాదపద్మాలు వికసించాయి" అంటే వికసించడం పద్మం పని కనుక అది రూపకం. పదం ఒక్కటే అయినా వాక్యాన్ని బట్టి అలంకారం మారుతుందని ప్రాచీనులే గుర్తించారు. సందర్భం నుండి విడదీసిన జాబితాలతో అలంకారాలు నేర్పడంలోని ఇబ్బందికి ఇంతకంటె మంచి నిదర్శనం అవసరం లేదు.

నవలలో అలంకారం

నవలలో పోలిక ఎవరి నోట వచ్చింది, ఎవరిని గురించి వచ్చింది అనేవి తెలుస్తాయి. రైతు పాత్ర పోలికలు పొలం నుండి, గుమాస్తా పోలికలు కచేరీ నుండి వస్తే అవి ఆ పాత్రల స్వభావాన్ని కూడా చెబుతాయి. ఒంటరి పద్యపాదంలో ఈ అవకాశం తక్కువ.

జాతీయాల సంగతీ అంతే. "నీరుకారిపోవు", "కాలికి బుద్ధిచెప్పు", "చెవిలో ఇల్లు కట్టుకొని పోరు" వంటి వాటికి వాచ్యార్థం పొసగదు. అలంకారశాస్త్రం దీనిని లక్షణావృత్తి అంటుంది. "గంగలో గొల్లపల్లె" అంటే గంగ ఒడ్డున ఉన్న పల్లె అని గ్రహించడం ఇటువంటిదే. అర్థాల పట్టికలో చదివిన జాతీయం కంటె, పారిపోతున్న పాత్ర వెనుక పరుగెత్తుతూ చదివిన జాతీయం ఎక్కువకాలం గుర్తుంటుంది.

వాక్యాన్ని దాటి, కథ మొత్తానికి వ్యాపించే వ్యంగ్యాన్ని చూపడానికి మొక్కపాటి నరసింహశాస్త్రి రచించిన బారిష్టర్ పార్వతీశం చక్కగా ఉపయోగపడుతుంది. మొగల్తూరు నుండి బారిష్టరు చదువుకు బయలుదేరిన పార్వతీశమే ఈ కథను చెబుతాడు. మద్రాసులో దొరసానులు ధరించే టోపీని తనకోసం కొనుక్కున్న ఘట్టంలో, చెప్పేవానికి తెలియనిది చదివేవానికి తెలుస్తుంది. పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వు ఎందుకు వచ్చిందో వారిచేతనే చెప్పించగలిగితే వ్యంగ్యమనే మాటను నిర్వచించనవసరం లేదు. కందుకూరి వీరేశలింగం రచించిన రాజశేఖర చరిత్రము చారిత్రకంగా ముఖ్యమైనదే అయినా, గ్రాంథిక భాష వలన ఈ వయసువారికి పూర్తిగా చదివించడం కష్టం. ఎంపిక చేసిన భాగాలు చాలు. నండూరి రామమోహనరావు అనువదించిన టామ్ సాయర్ వంటివి ఈ వయసుకు బాగా సరిపోతాయి.

బోధనలో పాటించదగినవి

మొదటిసారి కథ కోసమే చదవనివ్వాలి. పుటపుటకు ఆగి ఉపమలను గీతలు గీయిస్తే విద్యార్థికి నవల కూడా వ్యాకరణ పాఠమే అవుతుంది. రెండవసారి ఒకటి రెండు ఘట్టాలకు తిరిగి వచ్చి, అందులోని ఉపమానాన్ని మార్చి చూడమనడం మంచి అభ్యాసం. పైన చెప్పిన వాక్యంలో "వరదలా" అనే చోట "చీమల బారులా" అని ఉంచితే క్రమశిక్షణ కలిగిన మరొక బడి కనిపిస్తుంది. ఏ మాట ఏ పని చేస్తున్నదో విద్యార్థికి అప్పుడు తెలుస్తుంది. నవలను చదవకుండా గైడులోని సారాంశంతో సరిపెట్టుకునేవారికి ఈ అభ్యాసం సాధ్యం కాదు, ఎందుకంటె సారాంశం వ్రాసేవారు మొదట తీసివేసేవి పోలికలనే.

ఇంగ్లీషుతో పోలిక

ఇంగ్లీషు పాఠాలలో నేర్చుకునే సిమిలీ, మెటఫర్, హైపర్‌బొలీలు స్థూలంగా ఉపమ, రూపక, అతిశయోక్తులకు సరిపోతాయి. పర్సానిఫికేషన్‌కు మాత్రం తెలుగులో సరిసమానమైన ఒకే అలంకారం లేదు. ప్రాణంలేని వాటికి మానవ ధర్మాలను ఆరోపించడం సందర్భాన్ని బట్టి ఉత్ప్రేక్షగానో, రూపకంగానో, సమాసోక్తిగానో పరిగణించబడుతుంది. అమెరికాలో 2010లో వెలువడిన కామన్ కోర్ ప్రమాణాలు 6వ తరగతిలో అలంకారిక ప్రయోగాలను పాఠ్య సందర్భంలోనే వివరించగలగాలని కోరుతున్నాయి. అక్కడి బడులలో చదువుతూ ఇంటివద్ద తెలుగు నేర్చుకునే పిల్లలకు నిర్వచనంతో కాక కథతో మొదలుపెడితే రెండు భాషల పాఠాలూ ఒకదానికొకటి తోడవుతాయి.